తుడిచేసిన మరక

సెల్లార్ నేలకు కొత్త రంగు పడిన నాటి నుంచి సక్కుబాయికి కంటి నిండా నిద్ర లేదు.

కొత్తగూడ వెనక సందులో ఉన్న ఆ ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ మొగిలి. అతని భార్య ఆమె. లిఫ్టు పక్కన, మెట్ల కింద ఉన్న గదిలో ఇద్దరూ ఉంటారు. మొగిలి గేటు చూసుకుంటాడు, నీళ్ల మోటారు వేస్తాడు. సక్కుబాయి మెట్లు తుడుస్తుంది, తెల్లవారగానే సెల్లార్‌లో కార్లన్నీ కడుగుతుంది. ఇంతకాలం ఆ నేల ఒట్టి సిమెంటు. దాని మీద నూనె కారినా, బురద పడినా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు ఆకుపచ్చ రంగు పూసి, కారు కారుకూ తెల్లగీతలతో గడి గీసి, గడిలో ఫ్లాటు నంబరు రాయించేసరికి ఆ నేలకు ఎక్కడలేని దర్జా వచ్చింది. ఆ దర్జాను కాపాడే పని మాత్రం సక్కుబాయి నెత్తిన పడింది.

రంగు వేయించింది అసోసియేషన్ సెక్రటరీ సీతారామాంజనేయులు గారు. రాజమండ్రి వైపు మనిషి, ప్రభుత్వ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. చెడ్డవారేం కాదు. మొగిలికి డెంగీ వచ్చినప్పుడు తన కారులోనే దవాఖానకు తీసుకెళ్లారు. కానీ రంగు ఆరిన రోజున సక్కుబాయిని పిలిచి ఒక మాట అన్నారు.

"చూడమ్మా, ఈ నేల మీద నాకు ఒక్క మరక కనపడకూడదు. ఇప్పుడు కార్లు కడగడానికి కంపెనీలు వచ్చాయి. ఫోన్ చేస్తే వాళ్లే మనుషుల్ని పంపిస్తారు. అదే గనక జరిగితే ఆ గది కూడా వాళ్లకే ఇవ్వాల్సి వస్తుంది మరి."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. అందుకే అది సక్కుబాయి గుండెలో మరీ గట్టిగా దిగబడింది. కోపంలో అన్న మాటైతే మర్నాటికి చల్లారుతుందని ఆశ ఉంటుంది. ఈ గది పోతే మళ్లీ కిరాయి ఇల్లు వెతుక్కోవాలి. ఐటీ కంపెనీల చుట్టుపక్కల వాళ్లకు అందే కిరాయి ఇల్లంటూ ఎక్కడుంది?

బోనాలకు ముందు ఒక పొద్దున మూడొందల నాలుగు వాళ్ల గడిలో మరక కనిపించింది. ముందు ఎడమ టైరు పక్కన, అరచేయంత మేర, లేత తేనె రంగులో. ఇంజన్ ఆయిల్ సంగతి సక్కుబాయికి తెలుసు. అది సర్ఫు వేసి రుద్దినా ఒక పట్టాన లొంగదు. ఇది అట్లా కాదు, రెండు చెంబుల నీళ్లు పోసి తుడిస్తే ఇట్టే పోయింది. నీళ్లకే పోయేది నూనె ఎట్లవుతుందనుకుంది. మర్నాడు మళ్లీ కనిపించింది. మళ్లీ తుడిచింది. అదొక రోజువారీ పని అయిపోయింది. ఎవరూ దిగి రాకముందే మొదట ఆ గడిలోకి వెళ్లడం, కడిగేయడం. ఒకరోజు జిడ్డు పూర్తిగా వదిలిపోవాలని బాత్‌రూములు కడిగే యాసిడ్ కాస్త చల్లింది. ఆ వారంలోనే అక్కడ రంగు పొక్కులు పొక్కులుగా లేచి, గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడి రావడం మొదలైంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. యాసిడే తినేసిందనుకుంది. ఐదో అంతస్తు వాళ్లు కొత్త ఫ్రిజ్ కొని పారేసిన అట్టపెట్టెను విప్పి, ముక్క చింపి ఆ చోట పరిచింది. ఎవరైనా అడిగితే టైరుకు మట్టి అంటకుండా పెట్టానని చెప్పింది. అట్ట తడిసి నల్లబడితే చెత్తలో వేసి మరొకటి పరిచేది.

ఆ కారు వాసంతిది. భీమవరం అమ్మాయి, హైటెక్ సిటీలో ఉద్యోగం. రోజూ కూతురు ఉమాశ్రీని బడి దగ్గర దింపి, ఫ్లైఓవర్ ఎక్కి దిగి ఆఫీసుకు పోతుంది. భర్త వెంకట్ సర్కారీ ఆఫీసులో చేస్తాడు, మెట్రోలో పోయి వస్తాడు. కారు నడిపేది ఆమె, ఆదివారాలు బానెట్ ఎత్తి చూసేది ఆయన. ఉమాశ్రీకి సక్కుబాయి అంటే అదో ఇది. తల్లి హడావిడిగా వేసిన జడ లిఫ్టు దిగేలోగా ఊడిపోతే, నేరుగా సక్కుబాయి ముందుకొచ్చి వీపు తిప్పి నిలబడుతుంది. పిల్లలు లేని సక్కుబాయి ఆ జడను ఎంతసేపైనా వేయగలదు, కానీ వాసంతి హారన్ కొడుతుంది.

బోనాలు దాటాక ఒక ఆదివారం వాళ్లు శ్రీశైలం బయల్దేరారు. వెంకట్ తల్లి పుణ్యవతి గారికి ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక అది. సామాను డిక్కీలోకి ఎక్కింది. పెద్దావిడ వెనక సీట్లో కూర్చుని అప్పటికే పెదవులు కదుపుతూ స్తోత్రం చదువుకుంటోంది. వెంకట్ బానెట్ ఎత్తి, చిన్న సీసాలోంచి ఏదో తెల్లటి డబ్బాలోకి జాగ్రత్తగా పోస్తున్నాడు. సక్కుబాయి బకెట్ పట్టుకుని పక్కనుంచి పోతూ ఆగింది. సీసాలో ఉన్నది లేత తేనె రంగులో ఉంది.

"ఏంది సారూ అది?"

"బ్రేక్ ఆయిల్, సక్కుబాయీ. ఎర్ర లైటు వెలిగిందని మేడం చెప్పింది. ఘాట్ రోడ్డు కదా, నిండుగా ఉంటే మంచిది."

"మల్ల మల్ల తగ్గుతదా సారూ?"

"నిజానికి తగ్గకూడదు. ఈ నెలలో ఇది రెండో సీసా." వెంకట్ నవ్వుతూ మూత బిగించాడు. "బండి పాతబడింది కదా, తాగుతోంది. పోయగానే లైటు ఆరిపోతోందిలే."

సక్కుబాయి కాళ్లు అక్కడే ఉండిపోయాయి. బండి తాగిందంతా ఎక్కడికి పోతోందో ఈ అపార్ట్‌మెంటు మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

గబగబా గేటు దగ్గరికి పోయి మొగిలితో చెప్పింది. అట్ట సంగతి, రంగు సంగతి కూడా చెప్పింది. మొగిలి ముఖం పాలిపోయింది. సెక్రటరీ గారు ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"నోర్మూసుకో. గా అట్ట తీస్తే ఇగ మన గది ఉంటదా? యాడికి పోతమే?"

"గాల్లు ఘాటెక్కుతరయ్యా. పాప ఉంది బండ్ల."

"పోసిండంటివి గద. నిండింది గద. గంతల్నే ఏమైతది?"

ఆ మాట సక్కుబాయికి కాసేపు ఎంతో హాయిగా తోచింది. నిజమే, నిండింది. సారుకు తెలియదా? చదువుకున్న మనిషి. ఆ మాటనే పట్టుకుని మళ్లీ సెల్లార్‌లోకి వచ్చింది. ఉమాశ్రీ పరిగెత్తుకొచ్చి వీపు తిప్పి నిలబడింది. "సక్కు ఆంటీ, టైట్‌గా వెయ్యి, ఊరెళ్తున్నాం." సక్కుబాయి ఆ జుట్టును మూడు పాయలు చేసింది. పిల్ల మెడ వెచ్చగా ఉంది, తలస్నానం చేసిన జుట్టు ఇంకా చెమ్మగా ఉంది. మూడు పాయలూ ఆమె వేళ్లలోంచి జారిపోయాయి. మళ్లీ వేసి, రబ్బరు బిగించింది. పిల్ల వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుంది. ఘాట్ రోడ్డని ఆ రోజు వెంకటే స్టీరింగు ముందు కూర్చున్నాడు. తలుపులు పడ్డాయి. కారు గడిలోంచి మెల్లగా బయటికి వచ్చి గేటు వైపు తిరిగింది.

ఆలోచించి చేసిన పని కాదది. సక్కుబాయి బకెట్‌తో సహా కారుకు ఎదురుగా పరిగెత్తి రెండు చేతులూ పైకెత్తింది.

"ఆపున్రి సారూ! ఆపున్రి!"

వెంకట్ బ్రేకు తొక్కడం అద్దంలోంచి ఆమెకు కనిపించింది. భుజం ముందుకు వంగింది. కారు మాత్రం వస్తూనే ఉంది. వెంకట్ ముఖం మారిపోయింది. భుజం మళ్లీ వంగింది, చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది. సక్కుబాయి చేతిలోంచి జారిన బకెట్ బంపరు కింద పడి పటపటమని పగిలింది. కారు ఆమె మోకాళ్లకు ఆనుకుని ఆగింది.

వాసంతి దిగి ఒక్క ఉదుటున వచ్చింది. "పిచ్చా నీకు? చచ్చిపోయేదానివి!" అని కేకలు వేస్తూనే ఆమెను పట్టుకుని పక్కకు లాగింది. వెంకట్ దిగలేదు. తన కాలు వంకే చూసుకుంటున్నాడు.

"వాసంతీ, బ్రేకు పడలేదు. కిందికంటా దిగిపోయింది. రెండోసారికి గానీ పట్టలేదు."

వాసంతి సక్కుబాయి చెయ్యి వదిలేసింది. "నాకూ అంతే. ఫ్లైఓవర్ దిగేటప్పుడు రెండుసార్లు తొక్కాల్సొస్తోంది. అలవాటైపోయింది, చెప్పాలని తోచలేదు" అంది.

సక్కుబాయి మూడొందల నాలుగు గడిలోకి నడిచి వెళ్లి అట్టముక్కను లాగేసింది. దాని మీద తడి మరక గుండ్రంగా మెరుస్తోంది. అట్ట కింద ఆకుపచ్చ రంగు లేచిపోయి, నేల సిమెంటు బయటపడి ఉంది.

"మీరు పైన పోస్తున్నరు సారూ. నేను కింద తుడుస్తున్న," అంది. "బోనాల ముందరకెంచి ఇదే పని. నా యాసిడ్‌కు రంగు పోయిందని భయపడ్డ. గది పోతదని చెప్పలే."

వాసంతి కారు వెనక తలుపు తెరిచి ఉమాశ్రీని దింపుకుని, పిల్లను ఒళ్లోకి లాక్కుని అక్కడే మెట్ల మీద కూలబడింది. "రోజూ దీన్ని కూర్చోబెట్టుకుని వెళ్తున్నాను" అని ఒకటే మాట రెండుసార్లు అంది. సక్కుబాయి వైపు చూడలేదు. సక్కుబాయికి అదే నయమనిపించింది. పుణ్యవతి గారు చప్పుడు చేయకుండా దిగి, మనవరాలి చేయి పట్టుకుని లిఫ్టులో పైకి వెళ్లిపోయారు.

ఆ బండిని గేటు దాటించే ధైర్యం ఇక ఎవరికీ లేదు. మొగిలే ఫోన్ చేసి ఓంకార్‌ను పిలిపించాడు. ఓంకార్‌కు బాలానగర్‌లో మెకానిక్ షెడ్డు ఉంది, సక్కుబాయికి వరసకు తమ్ముడు. మోటార్‌సైకిల్ మీద సామాను సంచితో వచ్చి, బానెట్ జోలికి పోకుండా ముందు అట్టముక్కను అడిగి తీసుకున్నాడు. తడిని రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

"బ్రేక్ ఆయిలే. నీ యాసిడ్ కాదక్కా, ఇది పడితే ఏ పెయింటైనా గిట్లనే లేస్తది. అట్ట వెట్టుడు మంచిదైంది. మేం గూడ గిట్లనే పెడ్తం, ఏ చక్రం కాడ కారుతుందో దొరుకుతది."

దాచడానికి పరిచిన అట్ట అది. ఆ మెచ్చుకోలు సక్కుబాయికి చెంపదెబ్బకంటే ఎక్కువగా తగిలింది.

ఓంకార్ వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఎడమవైపు జాకీతో లేపి, చక్రం విప్పాడు. లోపల టార్చి వేసి వెంకట్‌ను పెడల్ తొక్కమన్నాడు. చక్రం దగ్గరికి వచ్చే నల్ల రబ్బరు పైపు వంపు తిరిగే చోట సన్నటి పగులు ఉంది. వెంకట్ తొక్కినప్పుడల్లా ఆ పగులులో ఒక చుక్క ఊరి, ఉబ్బి, జారి పడింది. ఓంకార్, వాసంతి, సక్కుబాయి ముగ్గురూ వంగి ఆ చుక్కను చూశారు. ఇన్నాళ్లూ అంతమంది దాన్ని చూడకుండా ఉండిపోయారు, అదేమో ఎవరు చూసినా చూడకపోయినా తన పని తాను చేసుకుపోయింది.

"హోస్ పైపు పగిలింది సారూ. ఒక్కటి పగిలిందంటే రెండోదీ అదే వయసుది. ముందటివి రెండూ మారుద్దాం. ఇంకోటుంది. డబ్బాల ఆయిల్ అడుగంటినప్పుడు లోపలికి గాలి గుంజింది. నింపితే లైటు ఆరుతది గానీ గాలి పోదు. గా గాలికే మీ కాలు కిందికి దిగిపోతుంది. ఘాట్ల అయితే..." అని, వాసంతి ముఖం చూసి ఆ మాట అక్కడితో ఆపేశాడు.

బాలానగర్ పోయి పైపులు తెచ్చాడు. పాతవి విప్పి కొత్తవి బిగించాడు, రాగి వాషర్లు కూడా కొత్తవే వేశాడు. మిగతా రెండు చక్రాల దగ్గర కూడా తడి లేదని వేలితో తడిమి చూసుకున్నాడు. ఇక గాలి తీయడం మిగిలింది. దానికి ముగ్గురు కావాలి. పైన డబ్బా ఖాళీ కాకుండా ఒకరు పోస్తూ ఉండాలి. సీట్లో కూర్చుని ఒకరు పెడల్ తొక్కిపట్టాలి. కింద చక్రం దగ్గర ఓంకార్ నిపుల్ అనే చిన్న మర విప్పి, గాలితో కలిసిన ఆయిల్‌ను సన్నటి గొట్టంలోంచి సీసాలోకి వదులుతాడు. నిపుల్ మళ్లీ బిగించేదాకా పెడల్ మీది కాలు లేవకూడదు. లేస్తే పోయిన గాలి మళ్లీ లోపలికి వచ్చేస్తుంది.

వెంకట్ సీసా పట్టుకుని బానెట్ దగ్గర నిలబడ్డాడు. వాసంతి సీట్లో కూర్చుంది.

"తొక్కున్రి మేడం. తొక్కున్రి. తొక్కున్రి. ఇగ పట్టున్రి."

ఓంకార్ నిపుల్ విప్పాడు. పెడల్ కిందికి జారగానే వాసంతి కాలు తనంతట తానే లేచి రెండోసారి తొక్కింది. గొట్టంలో బుడగలు వెనక్కి పరిగెత్తాయి.

"వదలద్దంటి గద మేడం."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. మూడోసారి వాసంతి స్టీరింగు మీద తల ఆనించేసింది. "నా వల్ల కావట్లేదు ఓంకార్. పట్టుకోవాలనే అనుకుంటున్నాను. కాలు వినడం లేదు." ఆమె భుజాలు కదులుతున్నాయి. ఇన్నాళ్లూ ఆ కాలే బండిని కాపాడింది మరి, ఒక్కరోజులో మానమంటే ఎలా మానుతుంది?

ఓంకార్ కింద నుంచే అన్నాడు. "అక్కా, నువ్వు ఎక్కు."

సక్కుబాయి తడిచీర కుచ్చిళ్లు దోపుకుంది. ఆ కారును ఆమె కడగని రోజు లేదు. అద్దాలు, తలుపులు, చక్రాలు, అన్నీ ఆమె చేతికి తెలిసినవే. లోపల మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. పాదాన్ని కొంగుతో తుడుచుకుంది.

"పర్లేదు, కూర్చో" అంది వాసంతి, కళ్లు తుడుచుకుని పక్కకు జరుగుతూ.

"తొక్కక్కా. తొక్కు. తొక్కు. పట్టు. ఇప్పుడు మెల్లగ దిగుతది, దిగనీ. అడుగుకు పోయినంక అట్లనే పట్టి ఉంచు."

వట్టి పాదం కింద పెడల్ మెత్తగా దిగింది. సక్కుబాయి దానితో పాటే కాలు దించి, అడుగున పట్టి ఉంచింది. బిగించాడు. వదిలింది. మళ్లీ. పైన వెంకట్ పోస్తున్నాడు, కింద ఓంకార్ సీసాలో బుడగలు లేస్తున్నాయి.

అప్పుడే కూరల సంచితో సీతారామాంజనేయులు గారు సెల్లార్‌లోకి వచ్చారు. జాకీ మీద లేచిన కారు, పగిలిన బకెట్, డ్రైవరు సీట్లో సక్కుబాయి. ఆ తర్వాత ఆయన చూపు గడిలోకి పోయింది. రంగు లేచిన చోట ఆగిపోయింది.

"ఏమిటిది? ఎవరు చేశారిది?"

మొగిలి గేటు దగ్గర నుంచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఓంకార్ అప్పుడే నిపుల్ విప్పి ఉన్నాడు.

"నేనే అట్ట కప్పిన సారూ," అంది సక్కుబాయి.

"ముందు నువ్వు కిందికి దిగమ్మా."

"దిగ సారూ."

ఆ మాట ఆమె నోట ఆయన ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. కానీ కాలు అడుగున ఉంది.

"తమ్ముడు చెప్పెదాంక దిగ. ఇప్పుడు కాలు తీస్తే లోపలికి గాలి పోతది. పాప కూసుంటది ఈ బండ్ల."

ఓంకార్ స్పానర్ తిప్పి, "వదులక్కా" అన్నాడు. ఆమె వదిలింది. సీతారామాంజనేయులు గారు సంచి కింద పెట్టారు. జరిగినదంతా వెంకట్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆయన విని, సక్కుబాయి వైపు తిరిగారు.

"ఇన్నాళ్లు మరక పడుతుంటే నాకు చెప్పాలి కదమ్మా?"

"మరక కనపడద్దన్నరు గద సారూ. కనపడకుంట జేసిన."

"ఆమె ఒక్కతే కాదండి," అన్నాడు వెంకట్, చేతిలో సీసా వంక చూస్తూ. "నేనూ లైటు కనపడకుండా చేశాను."

సీతారామాంజనేయులు గారి చూపు పక్కకు తిరిగింది. రెండు గడుల అవతల ఆయన సొంత కారు ఉంది. రోజూ మనవళ్లను అందులోనే బడికి దింపి వస్తారు. దాని కింద ఆకుపచ్చ నేల తళతళలాడుతోంది. పొద్దున్నే కడిగిన తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

"నా బండి కింద ఏమైనా..." అని మధ్యలోనే ఆపేశారు.

"ఏమో సారూ," అంది సక్కుబాయి. "ఏముంటే అది తుడిచేసిన. గుర్తు లేదు."

ఆయన చాలాసేపు ఆ శుభ్రమైన నేల వంకే చూస్తూ నిలబడ్డారు. వేయించిన నాడు ఎంత మురిసిపోయారో ఆ నేలను చూసి. ఇప్పుడు ఆయన కళ్లలో ఉన్నది భయం. పంచె సర్దుకుని, వయసును లెక్కచేయకుండా మోకాళ్ల మీద కూర్చుని, వంగి తన కారు కిందికి చూశారు. ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోతే ఏమీ లేదని అర్థం కాదని ఆయనకు ఆ పూట తెలిసింది.

లేచేటప్పుడు మొగిలి చెయ్యి అందించాడు. ఆయన చేతులు దులుపుకుంటూ, "ఓంకార్, ఇది అయ్యాక నా బండి కూడా జర చూడు బాబూ" అన్నారు. తర్వాత సక్కుబాయితో, ఆమె ముఖం వైపు చూడకుండా, "రేపటి నుంచి ముందు నాకు చూపించు. తర్వాతే తుడువు" అన్నారు. సంచి తీసుకోవడం మరిచిపోయి లిఫ్టు వైపు నడిచారు. మొగిలి దాన్ని పట్టుకుని వెనకాలే పోయాడు.

"ఇంకొక్కసారి తొక్కక్కా," అన్నాడు ఓంకార్.

ఈసారి పాదం కింద పెడల్ దిగలేదు. కాస్త పోయి, రాయిలా ఆగింది. సక్కుబాయి ఇంకా బలంగా తొక్కింది. అయినా దిగలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. పాదం తీయకుండా అట్లాగే కూర్చుని ఏడ్చింది. ఎవరూ దిగమనలేదు.

మర్నాడు పొద్దున సక్కుబాయి అన్ని కార్ల కంటే ముందు మూడొందల నాలుగు గడిలో వంగి చూసింది. రాత్రి పరిచిన కొత్త అట్ట పొడిగా ఉంది. చేత్తో తడిమి మరీ చూసుకుంది. వాసంతి ఉమాశ్రీని తీసుకుని దిగి వచ్చింది, పలకరించింది గానీ మాటలో మునుపటి చనువు లేదు. అది వెంటనే రాదని సక్కుబాయికి తెలుసు. పిల్ల మాత్రం ఎప్పటిలాగే వీపు తిప్పి నిలబడింది. జడ వేయించుకుని కారెక్కింది.

కారు గేటు వైపు పోతుంటే సక్కుబాయి కొత్త బకెట్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడింది. రోడ్డు మీద స్కూలు బస్సు అడ్డం వచ్చింది. కారు వెనక ఎర్రలైట్లు వెలిగాయి. ఒక్కసారే వెలిగాయి.

కారు ఆగింది.